కుక్క మాట వినడం లేదా? ముందు దాని ఒంటి మీద చేయి వేసి చూడండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు జడ్చర్ల వరకు పదిహేడేళ్లుగా ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇస్తున్నాను. ఫోను చేసేవారిలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "బాగానే ఉండేది సార్, ఈ మధ్యే మొండికేస్తోంది." ఆ "ఈ మధ్యే" వినగానే నేనూ ఒకటే అడుగుతాను: "దాని ఒళ్లంతా తడిమి చూశారా?" చూశామన్నవారు చాలా తక్కువ. తిండి, టీకాలు, తాడు పట్టి నడిపించడం మీకు తెలుసనుకునే ఇది రాస్తున్నాను.

పిలిస్తే రాదు

పిలిచినప్పుడల్లా ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. స్నానానికో, గొలుసుకు కట్టేయడానికో, తిట్టడానికో పిలుస్తుంటే రాకపోవడమే దానికి మేలు. ఇంకో కారణం ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటుంది. నాన్న "రా" అంటారు, పిల్లలు "కమ్" అంటారు, నానమ్మ పేరు పెట్టి పిలుస్తుంది. అందరూ ఒకే మాట ఖాయం చేసుకోండి. పెరట్లో పది మీటర్ల తాడు కట్టి పిలవండి. వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి, పదికి తొమ్మిదిసార్లు మళ్లీ ఆటకే వదిలేయండి. ఆలస్యంగా వచ్చిందని కొట్టకండి. వచ్చినందుకే దెబ్బ పడిందని అది అనుకుంటుంది.

నడక మధ్యలో కూలబడుతుంది

ఎండాకాలంలో మన జిల్లాల్లో 44, 45 డిగ్రీలు మామూలే. తారు రోడ్డు మీద మీ చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. తెల్లవారుజామున నడిపించండి. అరికాళ్లు కాలి తోలు ఊడిన కుక్కను "బద్ధకం సార్" అంటూ ఈడ్చుకు వచ్చినవారిని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కూర్చోమంటే సగం వంగి లేచిపోతుంది

నునుపైన టైల్స్ మీద వెనక కాళ్లు జారుతుంటాయి. గోనె సంచి పరిచి దాని మీద చెప్పి చూడండి. సంచి మీద కూర్చుంటే తప్పు నేలది. అక్కడా కూర్చోకపోయినా, ఒక కాలు పక్కకు జాపి కూర్చుంటున్నా కింద రాసింది శ్రద్ధగా చదవండి.

ఉన్నట్టుండి గుర్రుమంటోంది, కరవబోతోంది

నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే.

పని మొదలుపెట్టిన కొత్తలో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యజమాని ఇంటికి వెళ్లాను. మూడేళ్ల లాబ్రడార్. మనవడు మెడపట్టీ వేయబోతే గుర్రుమంటోందని పిలిచారు. పెత్తనం చేయాలని చూస్తోంది, అణచాలి అన్నాను. నాకు పని నేర్పినవారు అలాగే నేర్పారు. మెడకు బిగుసుకునే గొలుసు వేసి పదకొండు రోజులు గుంజాను. పన్నెండో రోజు అది నా కుడి చేతిని కరిచింది.

ఆ ఇంటివాళ్లు దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే నేనూ వెంట వెళ్లాను. డాక్టర్ ఎడమ చెవి ఎత్తి లైటు వేసి చూశారు. లోపల ముళ్లలాంటి ఊచ ఉన్న గడ్డి విత్తనం దిగబడి చీము పట్టింది. నేను గుంజిన గొలుసు సరిగ్గా ఆ చెవి కింద బిగిసేది. పదకొండు రోజులు పుండు మీదే గుంజానన్నమాట. అది కుంటలేదు, ఏడవలేదు, తిండి మానలేదు. ఒక్క గుర్తు మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది. ఎడమ వైపు నుంచి చేయి వస్తేనే గుర్రుమనేది, కుడి వైపు నుంచి వస్తే ఊరుకునేది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మా తాత దేవరకొండ దగ్గర గొర్లు కాసేవాడు. చీకటి పడి మంద దొడ్లోకి చేరగానే కుక్కను ఒళ్లోకి లాక్కుని చెవుల దగ్గర మొదలుపెట్టి తోక దాకా తడిమేవాడు. వేళ్ల సందుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, చెవుల్లో పిడుదులు తీశాకే తాను అన్నానికి కూర్చునేవాడు. చిన్నప్పుడు రోజూ కళ్లారా చూసిన పనిని, శిక్షకుడినయ్యాక నేను వదిలేశాను.

పెత్తనం సంగతి కూడా చెప్పాలి, ఇప్పటికీ చాలామంది అదే మాట అంటున్నారు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి రాసిన దాని నుంచి ఈ ఆలోచన బలపడింది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలేనని, సింహాసనం కోసం కొట్లాట కాదని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో వివరించాడు. ఇక నొప్పి విషయానికొస్తే, 2020లో బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్ బృందం ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరకు పంపిన జంతువుల కేసులను తిరగేసింది. తక్కువలో తక్కువ మూడో వంతు వాటిలో ఏదో ఒక నొప్పి ఉందని, కొన్నిచోట్ల ఆ లెక్క 80 శాతం దాకా చేరవచ్చని రాసింది. ఇది చదివినప్పుడు నాకు మిర్యాలగూడ కుక్కే గుర్తొచ్చింది.

పరీక్ష ఇలా చేయండి. కుక్క అలసి పడుకున్న సాయంత్రం, దానికి బాగా అలవాటైన పెద్దవాళ్లు ఒక్కరే చేయాలి. ఇప్పటికే పళ్లు చూపిస్తున్న కుక్క అయితే మీరు ముట్టుకోకండి, మూతికి చిక్కం వేసి డాక్టర్ దగ్గరే చేయించండి. వాసన చూస్తూ చెవులు, పళ్లు, మెడ, వెన్ను, తుంటి, నాలుగు కాళ్లు, వేళ్ల సందులు, తోక కింద వరుసగా తడమండి. అరుపు కోసం ఎదురుచూడవద్దు. చేయి ఒకచోటికి రాగానే ఒళ్లు బిగబట్టడం, నాలుకతో పెదవులు తడుపుకోవడం, తల తిప్పి మీ చేతిని చూడటం, లేచి వెళ్లిపోవడం, ఇవే జవాబులు. రెండో వైపు అదే చోట తడిమి పోల్చి చూడండి. ఒకవైపే నమలడం, ఒకే కీలును పదే పదే నాకడం, పొద్దున లేవగానే కాళ్లు పట్టేసినట్టు నడవడం, స్కూటర్ మీదికి ఎక్కే కుక్క ఎక్కకపోవడం కూడా రాసిపెట్టుకోండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం ఎక్కువ. ఎక్స్-రే తీస్తే తెలుస్తుంది.

పిడుదులు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. వేళ్లతో నలపవద్దు, కిరోసిన్ పూయవద్దు. కుక్క ఒంటి మీద తీసేస్తే సరిపోదు. అవి బండల సందుల్లో, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడతాయి, కాబట్టి ఇంటికీ మందు కొట్టించాలి. కుక్క మందకొడిగా ఉండి, జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటినా (మామూలుగా 101 నుంచి 102.5 ఉంటుంది), ముక్కులోంచి రక్తం వచ్చినా అది పిడుదుల జ్వరం కావచ్చు. రక్తపరీక్షకు ఆ రోజే తీసుకెళ్లండి. నొప్పి అని మన ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, పారాసెటమాల్ మాత్రలు వేయకండి. వాటితో ప్రాణమే పోవచ్చు.

ఇంకొక్క మాట, దీన్నీ చాలామంది వదిలేస్తారు. మందుతో చెవి మానింది కానీ ఆ లాబ్రడార్ గుర్రుమనడం మానలేదు. చెయ్యి వస్తే నొప్పి వస్తుందని దానికి గుర్తుండిపోయింది. అందుకని గొలుసు పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను. చేయి రెండడుగుల దూరంలో ఆపి ఒక ముక్క పెట్టడం, దాని ఒళ్లు వదులుగా ఉంటేనే తర్వాతి రోజు జానెడు దగ్గరికి జరగడం, బిగిస్తే వెనక్కి తగ్గడం. చెవిని ముట్టుకోవడానికి ఐదు వారాలు పట్టింది. ఆ రోజుల్లో మనవడిని దగ్గరికి రానివ్వలేదు. గుర్రుమన్నందుకు ఒక్కసారి కూడా తిట్టలేదు. గుర్రుమనడాన్ని అణచివేస్తే కుక్క ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

మిగిలిన కారణాలు

థైరాయిడ్, మెదడులో గడ్డ, మూర్ఛ లాంటివి అరుదు. డాక్టర్ చూసుకుంటారు, వాటి గురించి మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. రేబిస్ ఒక్కటే వేరు. టీకా వేయని కుక్క స్వభావం హఠాత్తుగా మారి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే తడిమి చూడవద్దు. గదిలో మూసి పశువైద్యుడికి ఫోను చేయండి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి.

శిక్షకుడిని పిలిచేటప్పుడు అది గుర్రుమనే తీరును దూరం నుంచి ఫోనులో వీడియో తీసి ఉంచండి. ఏ వైపు నుంచి చేయి వెళ్లినప్పుడు, ఏ వేళ, ఏ నేల మీద అన్నది కాగితం మీద రాయండి. నేనైతే ఆ కాగితం చూశాకే ఇంటికి బయలుదేరుతున్నాను.