పొద్దున నడక ఎందుకు తప్పుతోందో లెక్క రాసి చూడండి

హన్మకొండలో ఉంటూ, రోజూ పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవాలనుకుని, నాలుగు రోజులు నడిచి ఐదో రోజు మానేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీకు పట్టుదల లేదని ఎవరన్నా అంటే వెంటనే నమ్మేయకండి, ముందు లెక్క చూడండి.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చొద్దు. ఎప్పటిలాగే ఉంటూ మూడే మూడు రాసుకోండి: రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టారు, పొద్దున ఎన్నింటికి లేచారు, నడిచారా లేదా. చిన్న నోట్‌బుక్ చాలు, స్మార్ట్ వాచీ కొనక్కర్లేదు. ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూపిస్తాయి. మీ అలవాటు బయట తినడం గురించైతే యూపీఐ హిస్టరీ తెరవండి, తేదీ, టైమ్‌తో సహా అన్నీ అందులోనే ఉంటాయి.

నేను 14 రోజులు రాస్తే నడక 6 రోజులు తప్పింది. చలి వల్ల లేవలేకపోతున్నానని అనుకునేదాన్ని, తీరా చూస్తే ఆ ఆరింటిలో ఐదు రోజులు ముందురాత్రి పదకొండున్నర దాటాక కూడా వీడియోలు చూస్తూనే ఉన్నాను. అంటే సరిచేయాల్సింది పొద్దున్నని కాదు, రాత్రిని. 14 రోజుల లెక్క రుజువేమీ కాదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. అందుకే ఒక్కదాన్నే మార్చి మళ్లీ రెండు వారాలు రాయండి, నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నేను చార్జర్‌ని మంచం దగ్గర నుంచి తీసి ముందుగదిలో పెట్టాను, పొద్దున లేవడానికి పాత అలారం గడియారం వాడాను. మనిషి చేతికి అందేదాన్నే ఎంచుకుంటాడు, కాబట్టి వద్దనుకున్నదాన్ని నాలుగడుగులు దూరం పెట్టాలి. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ చెప్పే 'నడ్జ్' లాంటిదే ఇది, అంటే బలవంతపెట్టకుండా మంచివైపు మెల్లగా నెట్టడం. తర్వాతి రెండు వారాల్లో నడక తప్పింది 2 రోజులే.

అది చాలకపోతే డబ్బు పెట్టండి, కానీ బహుమతిగా కాదు. వంద దొరికిన సంతోషం కన్నా వంద పోయిన బాధే మనకు ఎక్కువ. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ఈ సంగతి రాశారు, 1992లో ఆ బాధ దాదాపు రెండింతలని లెక్కకట్టారు. అందుకని వెయ్యి రూపాయలు ముందే మీ వదిన చేతిలో పెట్టి, తప్పిన ప్రతి రోజుకూ యాభై తనవేనని చెప్పండి. అమ్మకు ఇవ్వొద్దు, జాలిపడి తిరిగి ఇచ్చేస్తుంది. వాన, జ్వరం లెక్కలోకి రావని మొదటిరోజే రాసి పెట్టుకోండి, లేకపోతే ప్రతి పొద్దునా బేరమే. ఇంటిఖర్చుకు ఇబ్బంది అయ్యేంత మాత్రం పెట్టొద్దు.

ఎన్ని రోజులు చేయాలంటే, 2010లో అచ్చయిన లండన్ అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి బతుకమ్మ ఆడి అలసిపోయి ఓ పొద్దున లేవలేకపోతే మొత్తం పోయిందని టెన్షన్ పడకండి, మర్నాడు లేచి నడవండి.

మన ఓరుగల్లు ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో టైమ్ ముందుకు జరపాల్సి వస్తుంది, అప్పుడు పాత లెక్కలో కలిపేయకుండా నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీయండి.