హైదరాబాద్‌లో ఎన్నికల ప్రకటనకు ముందస్తు ధ్రువీకరణ: ఎవరికి, ఎప్పుడు, ఏ కాగితాలతో

కేబుల్ టీవీ నియమాల్లోని 7(3) ఒకప్పుడు రాజకీయ ప్రకటనలను ఒప్పుకునేది కాదు. దానిపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో నడిచిన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 2004 ఏప్రిల్ 13న కోర్టు మధ్యేమార్గం చూపింది: ప్రకటన వేసుకోవచ్చు, కాకపోతే ముందుగా చూపించి, ఖర్చు చెప్పి వేయాలి. నేటి ముందస్తు ధ్రువీకరణ దరఖాస్తుకు మూలం ఆ ఆదేశమే.

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో టీవీ, కేబుల్, ఎఫ్‌ఎం, సినిమా హాలు, బల్క్ ఎస్సెమ్మెస్, వాయిస్ మెసేజ్, ఈ-పేపర్, సోషల్ మీడియాలో డబ్బు కట్టి వేసే ప్రకటనలన్నిటికీ ఈ ధ్రువీకరణ తప్పదు. సొంత ఖాతాలో ఊరికే పెట్టే పోస్టుకు అక్కర్లేదు. దాన్నే డబ్బు కట్టి బూస్ట్ చేస్తే మాత్రం కావాలి. పత్రికా ప్రకటనకు పోలింగ్ రోజు, ముందు రోజు మాత్రమే ధ్రువీకరణ అవసరం, ప్రచురణకు కనీసం 2 రోజుల ముందు దరఖాస్తు ఇవ్వాలి.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలన్న దగ్గరే మన నగరంలో తికమక. అభ్యర్థి అయితే జిల్లా ఎన్నికల అధికారి కింద ఉండే ఎంసీఎంసీకి (మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ) ఇవ్వాలి. హైదరాబాద్ జిల్లాలో జిల్లా ఎన్నికల అధికారి బాధ్యత జీహెచ్‌ఎంసీ కమిషనర్‌ది. పార్టీ రాష్ట్ర కార్యాలయం తరఫున అయితే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి దగ్గరి కమిటీకి. రెండూ ఒకే ఊళ్లో ఉండటంతో ఫైలు అటూ ఇటూ తిరిగి ఒక రోజు పోతుంది.

ఆ ఒక్క రోజే ఖరీదైనది. గుర్తింపు పొందిన పార్టీలు, బరిలో ఉన్న అభ్యర్థులు ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు, మిగతావారు 7 రోజుల ముందు ఇవ్వాలి. శుక్రవారం స్పాట్ (ప్రకటన ఒక్కసారి ప్రసారం) పడాలంటే అభ్యర్థి కాగితాలు మంగళవారానికే అందాలి.

అనుబంధం-ఎ అనే దరఖాస్తు నమూనాతో పాటు ప్రకటన ఎలక్ట్రానిక్ కాపీలు 2, ధ్రువీకరించిన స్క్రిప్టు జతచేయాలి. స్క్రిప్టులో వినిపించే ప్రతి మాటా ఉండాలి. చివర్లో వచ్చే ఉర్దూ నినాదం, తెర మీది అక్షరాలు వదిలేస్తే పోల్చి చూసేవారు అక్కడే ఆగిపోతారు. సర్టిఫికెట్ వచ్చాక ఎడిటింగ్‌లో ఒక్క షాటు మార్చినా అది కొత్త ప్రకటనే, మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే.

మాటల కంటే డబ్బు గడుల్లోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయని మా అంచనా. తయారీ ఖర్చు వేరు, ప్రసార ఖర్చు వేరు. ఉదాహరణకు తయారీ రూ.15,000 అనుకుందాం. స్పాటుకు రూ.1,200 చొప్పున రోజుకు 10, అలా 5 రోజులు: 50 స్పాట్లు, రూ.60,000. ‘ప్యాకేజీ రూ.75,000’ అని ఒక్క ముక్కలో రాస్తే చాలదు. రేటు, ఎన్నిసార్లు అన్నవి విడివిడిగా అడుగుతారు. ఛానల్ ఇచ్చే బోనస్ స్పాట్లు కూడా సంఖ్యలో చూపండి. చెల్లింపులన్నీ చెక్కు లేదా డీడీ ద్వారానే అని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. అభ్యర్థి, పార్టీ కాని మూడో వ్యక్తి వేస్తుంటే, ఇది ఏ పార్టీ, అభ్యర్థి లాభానికీ కాదని, వారెవరూ డబ్బు పెట్టలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన కోసం ఖర్చు పెట్టడం నేరం.

జిల్లా కమిటీ తిరస్కరిస్తే రాష్ట్ర స్థాయిలో అప్పీలు చేసుకోవచ్చు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మాత్రం సర్టిఫికెట్ ఉన్నా టీవీలో ప్రచారం కుదరదు.

కరపత్రాలకు, పోస్టర్లకు దారి వేరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ముద్రాపకుడు, ప్రచురణకర్త పేరు, చిరునామా అచ్చువేయాలి. ప్రచురణకర్త డిక్లరేషన్ మీద ఆయన్ని ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. జిల్లాల్లో అచ్చయితే ప్రతులు కలెక్టరుకు వెళ్తాయి. హైదరాబాద్ రాజధాని కాబట్టి ఇక్కడి ప్రెస్సులు నేరుగా ప్రధాన ఎన్నికల అధికారికి పంపాలి. తప్పితే 6 నెలల దాకా జైలు లేదా రూ.2,000 దాకా జరిమానా, లేదా రెండూ.

దరఖాస్తులో రాసిన అంకె అక్కడితో అయిపోదు. అభ్యర్థి పేరో, ఫొటోనో ఉన్న ప్రకటన ఖర్చు ఆయన ఖాతాలో పడుతుంది. 2022లో సవరించిన పరిమితి తెలంగాణలో అసెంబ్లీకి రూ.40 లక్షలు, లోక్‌సభకు రూ.95 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇచ్చేటప్పుడు ఛానల్ బిల్లు, దరఖాస్తు, అధికారుల షాడో రిజిస్టరు (అభ్యర్థి ఖర్చుపై వారు విడిగా రాసుకునే లెక్క) మూడూ పక్కపక్కన పెడతారు కనుక కాపీలు దాచుకోండి. సరైన కారణం లేకుండా లెక్కలే ఇవ్వకపోతే అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షన్ కింద 3 ఏళ్లు పోటీకి అనర్హత.