నిపుణ కార్మికులకు ప్రత్యేక యూనిట్ కోరే ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే యూనియన్ ఉన్నచోట, నిపుణ కార్మికులకు వేరే బేరసారాల యూనిట్ (యజమానితో ఉమ్మడిగా బేరమాడే కార్మికుల బృందం) కోరేవారు, ఇలాంటి వివాదాలు తేల్చే ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు పిటిషన్ పెట్టకముందే కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

ముందుగా హోదా పేరును కాక పనిని చూడండి. ఒక షిఫ్టంతా దగ్గరుండి గమనించి, పాడైన గేజిని (కొలత పరికరాన్ని) విప్పి లోపం కనిపెట్టి సరిచేసేవారెవరో, ఒకే భాగాన్ని పదేపదే బిగించేవారెవరో రాసుకోండి. అప్రెంటిస్‌షిప్ వివరాలూ సేకరించండి. ఒకే వృత్తివారిలో కొందరినే ఎంచుకోవడం న్యాయం కాదు, నిలవదు కూడా. సూపర్‌వైజర్లను చేర్చకండి.

పాత యూనిట్ చరిత్రను తేలిగ్గా తీసుకోవద్దు. పాత యూనిట్ ఉందన్న ఒక్క కారణంతో వృత్తి యూనిట్‌ను (ఒకే నైపుణ్య వృత్తివారి యూనిట్‌ను) తోసిపుచ్చరాదని 1947 నాటి కార్మిక చట్టం చెబుతున్నా, 1966లో మాలిన్‌క్రాట్ అనే కంపెనీ కేసులో బోర్డు, మిస్సోరీలోని వెల్డన్ స్ప్రింగ్ యురేనియం కర్మాగారపు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ల (పరికరాలను బాగుచేసేవారి) నైపుణ్యాన్ని గుర్తిస్తూనే, వారి పని ఉత్పత్తితో గట్టిగా ముడిపడి ఉందనీ, వారు ఏళ్ల తరబడి పాత యూనిట్‌లోనే ఉన్నారనీ చెప్పి వేర్పాటుకు ఒప్పుకోలేదు. కాబట్టి గత ఒప్పందాల్లో వారికి ప్రత్యేక వేతన రేట్లు, సీనియారిటీ జాబితా, సొంత ప్రతినిధి ఉన్నారేమో ప్రతి పుటా తిరగేసి చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ఓపిక కావలసిన పని ఇదే.

కోరే యూనిట్‌లో కనీసం 30 శాతం మంది మద్దతు సంతకాలు ఉండాలి. పాత యూనియన్‌కూ యజమానికీ మధ్య మూడేళ్లకు మించని ఒప్పందం అమల్లో ఉంటే, గడువుకు 90 నుంచి 60 రోజుల ముందు మాత్రమే పిటిషన్ వేయాలి.