కృపను చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ముందు భోజనం, తర్వాత ప్రశ్న

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? లూకా 15లో ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన చిన్న కొడుకు కథ చదివి, తండ్రి చేసిన పనులన్నిటి కిందా గీత గీయమన్నాను. గీసినవాళ్లకు ఒకటి కనిపించే ఉంటుంది. కొడుకు దారి పొడుగునా బట్టీ పట్టుకుని వచ్చిన క్షమాపణ మాటలు ఇంకా నోట్లోనే ఉన్నాయి, తండ్రి అప్పటికే పరుగెత్తేశాడు.

ఈ పాఠంలో ఒక్క పనే కొత్తగా నేర్చుకుంటాం. గీతలు గీసిన ఆ పనులకు నంబర్లు వేయడం. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది? చాలా చిన్న పని, పెన్సిల్ చాలు. కానీ నేను ఇరవై ఏళ్లు బైబిల్ చదివి కూడా ఈ వరుసను పట్టించుకోలేదు, కథ తెలుసు కదా అని గబగబా చదివేసేదాన్ని.

మన కథ యోహాను సువార్త 21వ అధ్యాయం. దానికి ముందు 18వ అధ్యాయంలో 15 నుంచి 27 వరకు వచనాలు చదవండి. అది చలిరాత్రి, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో నిప్పులు రాజేసుకున్నారు, యేసును పట్టుకుని అక్కడికి తెచ్చారు, శిష్యుడైన పేతురు ఆ రాత్రి నేను ఆయన శిష్యుణ్ణి కానని మూడుసార్లు బొంకాడు, ఆ సెగ దగ్గర నిలబడి కూడా. ఇప్పుడు 21కి రండి. యేసు చనిపోయి తిరిగి లేచాక జరిగిన సంగతి ఇది, పేతురూ తోటి శిష్యులూ చేపలకు వెళ్లారు. రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున ఖాళీగా తిరిగొచ్చిన బోటు చూసినవాళ్లకు ఆ ముఖాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. డీజిల్ ఖర్చు, కూలీలు, ఇంటికెళ్లి ఏం చెప్పాలన్న టెన్షన్, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అలాంటి పొద్దున్న ఒడ్డున నిలబడినాయన కుడి పక్క వల వేయమన్నాడు, 153 పెద్ద చేపలు పడ్డాయి, ఆయన యేసే అని తెలిసి పేతురు ఆగలేక నీళ్లలో దూకేశాడు.

ఒడ్డుకొచ్చేసరికి అక్కడ ఏముంది? నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె.

ఇక్కడ ఆగండి. గ్రీకులో ఈ నిప్పులకు వాడిన మాట బొగ్గుల నిప్పు అని అర్థమొచ్చే మాట. కొత్త నిబంధన మొత్తంలో అది రెండు చోట్లే వస్తుంది, ఒకటి పేతురు బొంకిన ముంగిట్లో, రెండోది ఈ ఒడ్డున. తెలుగులో చదివేటప్పుడు ఇది అంత తేలిగ్గా తట్టదు. ఆర్‌కే బీచ్‌లో బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే ఆ వాసనకే చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొస్తాయి కదా, మరి పేతురుకు ఆ వాసన ఏం గుర్తు చేసి ఉంటుంది? ఆ రాత్రే గుర్తొచ్చి ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు నంబర్లు వేయండి. ఒకటి, నిప్పులూ చేపా రొట్టే సిద్ధంగా ఉన్నాయి. రెండు, మీరు పట్టినవీ కొన్ని తెమ్మన్నాడు. మూడు, రండి భోజనం చేయండి అన్నాడు. నాలుగు, తనే వడ్డించాడు. ఆ తర్వాత 15వ వచనం మొదట్లో 'వారు భోజనముచేసిన తరువాత' అని ఉంటుంది చూడండి, ఆ మాట చుట్టూ సున్నా చుట్టండి. అప్పుడు గానీ ఆయన పేతురును అడగలేదు, నువ్వు నన్ను ప్రేమిస్తున్నావా అని.

అంటే అడగకుండా వదిలేయలేదు. ఇది చాలా ముఖ్యం. మనం 'పోనీలే, ఆ సంగతి ఎత్తకు' అనడాన్నే కృప అనుకుంటాం. ఆయన ఎత్తాడు, మూడుసార్లు అడిగాడు, మూడోసారికి పేతురు మనసు నొచ్చుకుంది కూడా. కాకపోతే కడుపు నిండాక అడిగాడు. తప్పు ఒప్పుకుంటే అన్నం పెడతానని కాదు, అన్నం తిన్నాక కూర్చుని మాట్లాడుకుందాం అని. నిర్గమకాండం 20లోనూ ఇదే వరుస, ఐగుప్తు నుంచి నేను నిన్ను బయటికి రప్పించాను అన్నది ముందు, పది ఆజ్ఞలు తర్వాత.

ఇక రోజువారీ జీవితంలో ఈ వరుసను ఎలా పట్టుకోవాలి? నాకు జరిగింది చెబుతాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడిన రోజు. అప్పటికి రెండేళ్లుగా మా అక్కతో నాకు మాటల్లేవు. అమ్మ నగల దగ్గర మొదలైంది, నేనే అనకూడని మాట అన్నాను. తుపాను వెళ్లాక కరెంటు లేదు, ఫోన్లు పనిచేయవు, కుళాయి రాదు, మా వీధి నిండా పడిపోయిన చెట్లే. రెండో రోజు మధ్యాహ్నం గాజువాక నుంచి బావ వచ్చాడు, బండి ఎక్కడో ఆపేసి, కొమ్మలు దాటుకుంటూ, ఒక చేతిలో నీళ్ల క్యాను, ఇంకో చేతిలో కొవ్వొత్తులు, అక్క కట్టిచ్చిన పులిహోర క్యారేజీ. "పిల్లలు తిన్నారామ్మా?" అన్నాడు. అంతే, నగల ఊసే లేదు.

కరెంటు వచ్చాక అక్క వచ్చింది, వంటింట్లో నా పక్కన కూర్చుని అడిగింది, "ఆ రోజు అలా ఎందుకన్నావే?" అని. అప్పుడు ఏడ్చాను. రెండేళ్లలో ఎవరు అడిగినా వాదించాను, ఆ పులిహోర తిన్నాక మాత్రం వాదించలేకపోయాను. యోహాను 21కి నంబర్లు వేయడం నేను అప్పటి నుంచే మొదలుపెట్టాను.

ఒక జాగ్రత్త. ప్రతి కథనీ ఈ వరుసలోకి లాగకండి. తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చినప్పుడు విందు లేదు, ఒక కథ చెప్పి తప్పు దగ్గరికే తీసుకెళ్లాడు, అక్కడ కృప వేరే దారిలో వస్తుంది. లేనిచోట లేదని రాసుకోవడం కూడా చదవడంలో భాగమే. అలాగే ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొడుతూ, తర్వాత భోజనం పెడుతుంటే దాన్ని కృప అని పిలవకండి, ఒడ్డున వండి పెట్టింది దెబ్బతిన్న యేసు, బొంకిన పేతురు కాదు.

ఈ వారం హోంవర్క్ రెండు భాగాలు. ముందు నోట్‌బుక్‌లో మీకే జరిగిన ఒక సంగతి రాయండి, మీది తప్పై ఉండి, అవతలివాళ్లు అడగడానికి ముందే మీకేదో చేసిన సంగతి. పనులు రాయండి, నంబర్లు వేయండి, నీతి మాత్రం రాయొద్దు. గుర్తురాకపోతే కంగారుపడకండి, నాలుగు రోజులు ఆ పేజీ ఖాళీగా ఉంచండి.

తర్వాత మొదటి రాజులు 19, మొదటి తొమ్మిది వచనాలు. ఏలీయా ప్రవక్త చావాలనుకుని చెట్టు కింద పడుకున్నాడు. దేవుడు "ఇక్కడ నువ్వేం చేస్తున్నావు?" అని అడగడానికి ముందు ఎన్నిసార్లు భోజనం పెట్టించాడో, ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టండి. అతని తల దగ్గర ఉన్న రొట్టె దేని మీద కాలిందో కూడా చూడండి.