ఇటలీ మిషన్‌కు వెళ్తున్న చెల్లెళ్లకు: ముందు కాగితాల సంగతి

విశాఖలో ఫార్మేషన్ (సిస్టర్లు కావడానికి ఇచ్చే శిక్షణ) ముగించుకుని, మొదటి వ్రతాలు తీసుకుని ఇటలీకి బయల్దేరుతున్న చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే అక్కడ దిగి బిక్కుబిక్కుమంటున్న వాళ్లకూ పనికొస్తుంది. స్వెటర్లు ఎన్ని పెట్టుకోవాలి, ఆవకాయ ఎలా సర్దాలి అన్నవి మీ సీనియర్లు చెబుతారు. ప్రార్థన, సంఘ జీవితం గురించి మీకు శిక్షణ ఇచ్చిన నోవిస్ మిస్ట్రెస్‌కి నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పేది కాగితాల గురించి. నోవిషియేట్‌లో, అంటే వ్రతాలకు ముందు శిక్షణలో, కనీసం 12 నెలలు ఉంటాం. బైబిలు, మన సిస్టర్ల సభ నియమావళి, పాట, వంట, కుట్టు అన్నీ నేర్చుకుంటాం. పాస్‌పోర్టులో తన పేరు ఎలా రాసి ఉందని అడిగితే మాత్రం సగం మంది "మదర్ దగ్గర ఉంది సిస్టర్" అంటారు. అదేం జవాబు తల్లీ?

పేరు సంగతి ఇక్కడ ఉండగానే తేల్చుకోండి. ఇంట్లో పిలిచేది ఒకటి, జ్ఞానస్నానం పేరు ఒకటి, కాన్వెంట్‌లో పెట్టింది ఇంకొకటి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఇక్కడ మనం సర్దుకుపోతాం. అక్కడ పేరుకీ ఇంటిపేరుకీ వేర్వేరు గడులు, రెండూ నిండాలి. ఆ రెండూ, పుట్టిన తేదీ, పుట్టిన దేశం, ఆడా మగా అన్నది కలిపి 16 అక్షరాలు, అంకెలతో 'కోదిచె ఫిస్కాలె' అనే కోడ్ ఇస్తారు. డాక్టరు దగ్గర, బ్యాంకులో, సిమ్ కార్డు కొనేచోట మొదట అడిగేది అదే. పేరులో తేడా ఉంటే కోడ్ కూడా తేడాగానే వస్తుంది, దాన్ని సరిచేయించుకునే సరికి తల ప్రాణం తోకకొస్తుంది. మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసులో ఒకటికి రెండుసార్లు తిరగాల్సి వచ్చినా ఆ పని ఇక్కడే ముగించండి. నర్సింగ్ చదివినవాళ్లు సర్టిఫికెట్ల మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా వేయించుకునే వెళ్లండి. అక్కడికి వెళ్లాక తమ్ముణ్ణి పంపి చేయిద్దాం అనుకుంటే వాడు మూడు నెలలు తిప్పుతాడు.

ఇక దిగాక. వీసా మిమ్మల్ని దేశంలోకి రానిస్తుంది, అంతే. అక్కడ ఉండటానికి 'పెర్మెస్సో ది సొజోర్నో' అనే నివాస అనుమతి వేరే తీసుకోవాలి. అడుగుపెట్టిన 8 పనిదినాల్లోపు దరఖాస్తు పెట్టాలి. దాని కిట్ పోస్టాఫీసులో ఇస్తారు. అన్ని పోస్టాఫీసుల్లో తీసుకోరు, 'స్పోర్తెల్లో అమీకో' కౌంటర్ ఉన్నచోటికే వెళ్లాలి. కవరు అంటించకుండా తీసుకెళ్లండి, గుమాస్తా లోపలి కాగితాలు, పాస్‌పోర్టు చూశాకే మూస్తాడు. ఫారం మీద 16 యూరోల రెవెన్యూ స్టాంపు అంటించాలి. అది పొగాకు దుకాణంలో దొరుకుతుంది, బయట పెద్ద 'టి' అక్షరం బోర్డు ఉంటుంది. మన పిల్లలు ఆ బోర్డు చూసి, అంగీతో సిగరెట్ల కొట్లోకి ఎలా వెళ్లడమని గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వెళ్లండి. అక్కడ రోజూ సిస్టర్లు, ఫాదర్లు, ముసలమ్మలు అందరూ వెళ్లి బస్సు టికెట్లు కూడా కొనుక్కుంటారు.

పోస్టాఫీసులో ఒక రసీదు, క్వెస్తూరా అనే పోలీసు కార్యాలయానికి ఎప్పుడు రావాలో రాసిన కాగితం ఇస్తారు. వేలిముద్రలు, ఫోటోలు అక్కడ. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆ రసీదే మీ ఆధారం. దాన్ని అలమరాలో పెట్టించుకోకండి. నా బాధంతా ఇక్కడే.

మన ప్రాంతం నుంచి వచ్చిన ఒక చెల్లెలి సంగతి చెబుతాను. పెర్మెస్సో గడువు ముగిసి రెన్యువల్‌కి పెట్టారు. చేతికి రసీదు వచ్చింది, కొత్త కార్డు ఇంకా రాలేదు. అప్పుడే వాళ్లమ్మని విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వచ్చింది. కాన్వెంట్ వాళ్లు మంచివాళ్లే, వెంటనే టికెట్ తీశారు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా. పాత కార్డు, రసీదు పట్టుకుని స్వదేశానికి వెళ్లిరావచ్చు గానీ దారిలో ఇంకో షెంగెన్ దేశంలో (ఇటలీతో ఉమ్మడి వీసా ఉన్న జర్మనీ లాంటి యూరప్ దేశంలో) దిగి విమానం మారడానికి వీల్లేదు. ఆ సంగతి ముందురోజు సాయంత్రం దాకా ఎవరికీ తట్టలేదు. సరే, దోహా మీదుగా మార్చుదామంటే అసలు రసీదు ఏది? కాన్వెంట్ డబ్బు, లెక్కలు చూసే ఎకోనోమా సిస్టర్ అలమరాలో ఉంది. ఆవిడ తాళం జేబులో వేసుకుని రిట్రీట్‌కి (ధ్యానకూటాలకి) వెళ్లారు. ఆ పిల్ల వరండాలో సూట్‌కేస్ మీద కూర్చుని, ఫోన్ చేతిలో పెట్టుకుని, ఏడవడానికి కూడా మొహమాటపడుతోంది. తాళం వచ్చి, టికెట్ మారి, హైదరాబాద్‌లో దిగి విశాఖ చేరేసరికి తల్లి ఐసీయూలో ఉంది. దేవుడి దయవల్ల ఆవిడ కోలుకున్నారు. అందుకే ఈ మాట ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను.

కాబట్టి వినండి. పాస్‌పోర్టు, పెర్మెస్సో, రసీదు మీ గదిలో మీ దగ్గర ఉండాలి. పోలీసులు అడిగితే విదేశీయులు చూపించాలని అక్కడి చట్టం. రెన్యువల్ గడువుకి 60 రోజుల ముందే పెట్టాలి, ఆ తేదీ మీ క్యాలెండర్‌లో మీరే రాసుకోండి. అన్నిటికీ ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టండి, ఒక జెరాక్స్ ఇంటికి పంపండి.

"అలా అడిగితే విధేయత తప్పినట్టు కాదా సిస్టర్?" అంటారు. కాదు. విధేయత వ్రతం తీసుకున్నాం, మన పేరేమిటో మరచిపోతామని తీసుకోలేదు. పేదరికం వ్రతం డబ్బుకి, ఆస్తికి. పాస్‌పోర్టు ఆస్తి కాదు. అది భారత ప్రభుత్వానిదని దానిలోనే అచ్చువేసి ఉంటుంది. ఇది నా ఒక్కదాని అనుమానమూ కాదు. 2020లో, అప్పట్లో వాటికన్‌లో మఠవాసుల వ్యవహారాలు చూస్తున్న కార్డినల్ జోవావ్ బ్రాజ్ ది ఆవీజ్, వాటికన్ పత్రిక మహిళా అనుబంధంలో ఈ మాట బాహాటంగా చెప్పారు. సభ వదిలి వెళ్తామన్న, లేదా పంపించివేసిన కొందరు సిస్టర్ల గుర్తింపు కాగితాలను సుపీరియర్లు, అంటే మఠం పెద్దలు, అట్టిపెట్టుకున్న సందర్భాలున్నాయని, అలా రోడ్డున పడ్డవాళ్ల కోసం పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో ఒక ఇల్లు ఏర్పాటు చేశారని అన్నారు. మన తాత్కాలిక వ్రతాలు మామూలుగా 3 నుంచి 6 ఏళ్లు, పొడిగించినా మొత్తం 9 ఏళ్లు మించకూడదు. ఆ కాలమంతా మీరూ ఆలోచించుకుంటారు, సభా ఆలోచిస్తుంది. ఏ నిర్ణయమైనా దిక్కులేకుండా కాకుండా, స్వేచ్ఛగా జరగాలంటే కాగితాలు చేతిలో ఉండాలి. చాలామంది సుపీరియర్లు జాగ్రత్త కోసమే దాచిపెడతారు, దురుద్దేశం ఉండదు. అడిగితే ఇస్తారు. "మదర్, పాస్‌పోర్టు నా దగ్గర ఉంచుకుంటాను, క్వెస్తూరాలో అడుగుతారు" అనండి. ఈ ఒక్క వాక్యం ఇటాలియన్‌లో నేర్చుకుని విమానం ఎక్కండి.

నా మొదటి చలికాలం నాకింకా గుర్తుంది. ఒక వృద్ధాశ్రమంలో వేశారు. విశాఖలో పుస్తకం పెట్టి నేర్చుకున్న ఇటాలియన్ ఒకటి, అక్కడి ముసలివాళ్లు మాట్లాడే యాస ఇంకొకటి. జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్‌లో ఉన్నావిడ నన్ను చూడకుండా పక్క సిస్టర్‌తో పది నిమిషాలు మాట్లాడింది. నా ఒంటి గురించి, నా పేరు మీద, నా ముందే. సంతకం చేయమన్నచోట చేశాను. రాత్రి ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ తొమ్మిదింటికి ఇక్కడ ఒకటిన్నర, అమ్మని లేపలేను. వేసవిలో తేడా మూడున్నర గంటలే, కొంచెం నయం. ఆ ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అయినా నా గురించి నన్ను అడిగేవాళ్లు లేకపోవడం ఒక బరువు. చలికన్నా అదే ఎక్కువ బాధించింది.

భయపెట్టేశానేమో. సరే, ఇదీ చెప్పాలి కాబట్టి చెబుతాను: చాలామందికి ఇవేమీ జరగవు. పోస్టాఫీసు గుమాస్తా విసుక్కుంటూనే మీ ఫారంలో తప్పులు దిద్దుతాడు. వృద్ధాశ్రమంలో అవ్వలు మీకు ఏ టీచరూ నేర్పని భాష నేర్పుతారు, రెండో ఏడాదికి మీతోనే పేచీ పెట్టుకుంటారు, మీరూ వాళ్ల భాషలోనే గట్టిగా జవాబిస్తారు. రోమ్‌లో తెలుగు సిస్టర్లు, చదువుకోవడానికి వచ్చిన తెలుగు ఫాదర్లు ఉంటారు. పండక్కి ఎక్కడో ఒకచోట పులిహోర దొరుకుతుంది. 1849లో ఆల్ప్స్ కొండల ఊరు అనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు మన విశాఖకు వచ్చినప్పుడు సూయజ్ కాలువ కూడా లేదు. ఎండ తెలియదు, తెలుగు తెలియదు. వాళ్లు నిలదొక్కుకున్నారు కాబట్టే జ్ఞానాపురంలో మన ఆడపిల్లలకి కాలేజీ వచ్చింది, నేను అందులో చదువుకున్నాను. మీరూ నిలదొక్కుకుంటారు.

సెప్టెంబర్ బ్యాచ్ వాళ్లు మర్రిపాలెం పని ముగించుకున్నాకే సూట్‌కేసులు కొనండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ జెరాక్స్ తెచ్చి నాకు చూపించండి, పేర్లన్నీ కూర్చుని ఒక్కొక్కటీ సరిచూద్దాం.