ఎస్ప్రెస్సో మిషన్ మొరాయిస్తే రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

మా అనంతపురంలో ఇంట్లో ఎస్ప్రెస్సో మిషన్ పెట్టుకున్నోళ్లు తక్కువే గానీ ఉన్నోళ్లందరిదీ ఒకటే ఏడుపు. ఏడాది, ఏడాదిన్నర బాగా పనిచేస్తాది, ఒకరోజు పొద్దున్నే గుర్రుమని అరుస్తాది, కాఫీ మాత్రం చుక్కా చుక్కా పడతాది, ఇంగ ఇది పోయిందిలే అని ఫోన్ తీసి కొత్తదానికి ఆర్డర్ పెట్టేస్తారు. నాదీ అట్లే అయింది. ఒక షాపాయన మూత కూడా తీయకుండానే "పంపు పోయిందన్నా, దీనికి పెట్టే డబ్బుతో కొత్తదే వస్తాది" అన్నాడు. పంపు పోలేదు. లోపల సున్నం పేరుకుంది, అంతే.

అందుకే ముందు చేయాల్సిన పని, కాఫీ పొడి లేకుండా టెస్ట్ చేయడం. పొడి వేసే హ్యాండిల్ తీసేసి, గ్లాసు పెట్టి, ఉత్త నీళ్లు వదిలి చూడండి. నీళ్లు ధారగా, జల్లులాగా వస్తే మిషన్ బాగానే ఉన్నట్టు, తప్పు పొడిలో ఉంది. మరీ మెత్తగా ఆడించినా, గట్టిగా నొక్కినా, అన్నిటికంటే ముఖ్యంగా చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీ పొడి వేసినా జాలీ మూసుకుపోతాది (మన ఇండ్లలో ఇదే ఎక్కువ, ఉన్న పొడి వేసేస్తాం కదా). చికోరీ లేని పొడి, రెండు షాట్లకి (షాట్ అంటే ఒక చిన్న కప్పు ఎస్ప్రెస్సో) 16, 18 గ్రాములు వేసి 25 నుంచి 30 సెకన్లలో కాఫీ కప్పులోకి దిగుతుందా చూడండి. పంపు గట్టిగా అరుస్తా నీళ్లు అసలు రాకపోతే ట్యాంకు సరిగా కూర్చుందా చూసి, ఆవిరి గొట్టం తెరిచి కాసేపు పంపు ఆడించండి, గాలి ఇరుక్కుంటే అట్లా పోతాది.

ఉత్త నీళ్లు కూడా సన్నగా వస్తాంటే సున్నం. బోరు నీళ్లు కాచిన గిన్నెకి అడుగున తెల్లగా కడతాది చూడండి, అదే బాయిలర్లోనూ, సన్న గొట్టాల్లోనూ కడతాది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) దొరుకుతాది, లీటరు గోరువెచ్చని నీళ్లకి 20, 25 గ్రాములు కలిపి ట్యాంకులో పోసి, కొంచెం వదిలి పావుగంట ఆపి, మళ్లీ వదిలి, ఇట్లా ట్యాంకు అయిపోయేదాకా చేయండి. బాగా మరిగే నీళ్లలో మాత్రం వద్దు, వేడికి సున్నం, నిమ్మ ఉప్పు కలిసి ఇంకో గట్టి పదార్థంగా మారి గొట్టాల్లో ఇరుక్కుంటాది. తర్వాత మంచినీళ్లు రెండు ట్యాంకులు వదలాల్సిందే. బాయిలర్ అల్యూమినియందయితే పులుపు దాన్ని తినేస్తాది, మాన్యువల్ చూడకుండా మొదలుపెట్టొద్దు. నాది మొదటిసారికి సగమే బాగయింది, మూడు రోజులాగి మళ్లీ చేస్తే అప్పుడు వచ్చింది ధార.

హ్యాండిల్ చుట్టూ కారితే అది రబ్బరు గాస్కెట్. వేడికి ఎండి రాయి అయిపోతాది, కుక్కర్ గాస్కెట్ లాగే మార్చుకోవడమే, దానికోసం మిషన్ మార్చేవాళ్లని చూస్తే నాకు తిక్క రేగుతాది. అడుగునుంచి కారితే ముందు కింది ట్రే నిండిందేమో చూడండి, కాకపోతే లోపల గొట్టమో వాల్వో, మెకానిక్ పని. ఆన్ చేయంగానే ఇంట్లో కరెంటు ట్రిప్ అయితే మాత్రం ప్లగ్ పీకి పక్కన పెట్టేయండి, ఎలిమెంట్ షార్టయి ఉండొచ్చు, మళ్లీ మళ్లీ వేసి చూడొద్దు.

ఇప్పుడు లెక్క. వారంటీ ఉంటే ఇంకో ఆలోచనే లేదు, స్క్రూ కూడా ముట్టుకోకుండా పంపండి. లేకపోతే పార్టు, కూలి, బెంగళూరు దాకా పంపాల్సొస్తే ఆ పార్సిల్ ఖర్చు, అన్నీ కలిపి అదే రకం కొత్త మిషన్ ధరలో సగం దాటితే నేనైతే వదిలేస్తా. 8,000 మిషన్‌కి 5,000 రిపేరంటే దండగ, అదే 40,000 మిషన్‌కి 5,000 అంటే కళ్లు మూసుకుని చేయిస్తా. పంపు, గాస్కెట్, థర్మోస్టాట్, ఫ్యూజు లాంటివి పోతే రిపేరే మేలు. ఇంటి మిషన్లలో ఎక్కువ శాతం ఒకే రకం వైబ్రేషన్ పంపులు, కంపెనీ వేరైనా సరిపోయేవి దొరుకుతాయి, మిక్సీలు బాగుచేసే పనితనం ఉన్నాయన కూడా మార్చగలడు. బాయిలరే చిల్లుపడితేనో, బోర్డు కాలి ఆ మోడల్ పార్టులు ఆగిపోతేనో, కొత్తదానికి పోవడమే.

కొనేటప్పుడు పెట్టె మీద 15 బార్, 20 బార్ అని (బార్ అంటే పంపు ప్రెషరు కొలత) రాసింది చూసి మురిసిపోవద్దు, ఎస్ప్రెస్సోకి కావాల్సింది 9 బార్ దగ్గర. గాస్కెట్, జాలీ విడిగా అమ్ముతున్నారా అన్నది చూడండి. 58 మిల్లీమీటర్ల హ్యాండిలుంటే ఎక్కడైనా సామాన్లు దొరుకుతాయి, ఇటలీ కంపెనీ గాజియా వాళ్ల క్లాసిక్ అనే మిషన్ 1991 నుంచి వస్తాంది, దాన్ని అందుకే ఇంకా బాగుచేస్తా వాడుతున్నారు.

ఇంకోటి, అమెరికా నుంచి తమ్ముడో బావమరిదో తెస్తానంటే ముందు వోల్టేజి అడగండి. అక్కడ 120, మనకు 230, వోల్టేజి దాదాపు రెండింతలైతే హీటరు తీసుకునే పవరు నాలుగింతలకు దగ్గర పోతాది. మా ఫ్రెండొకడు కమలానగర్లో ఇంట్లో అట్లా పెట్టి ఆన్ చేసినాడు, రెండు నిమిషాలు కూడా ఆగలేదు, పొగ. మంచి మిషన్, ఇప్పుడు షోకేసులో ఉంది. దాని హ్యాండిల్లో పొడి వేసే బాస్కెట్ మాత్రం నా దాంట్లో సరిపోయింది, రెండూ 58 కదా.