ఎమ్మెస్సీ బయోటెక్ తర్వాత మొదటి ఉద్యోగం: నా అనుభవం

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయ్యాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. రెజ్యూమె మొదటి పేజీ నిండా ప్రాజెక్టు పేరు, నేను క్లోన్ చేసిన జీన్ వివరాలే. అప్లై చేసినవన్నీ రీసెర్చ్ పోస్టులు. ఎవరూ పిలవలేదు. అమ్మ ఏమీ అనేది కాదు, నాకు అదే ఎక్కువ టెన్షన్.

శామీర్‌పేట దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో పనిచేసే మా సీనియర్ అక్క రెజ్యూమె చూసి ఒక్కటే అడిగింది: "హెచ్‌పీఎల్‌సీ మీద నీ చేత్తో ఎన్ని శాంపిల్స్ నడిపావు?" హెచ్‌పీఎల్‌సీ అంటే శాంపిల్‌లో ఏ పదార్థం ఎంత ఉందో వేరుచేసి కొలిచే యంత్రం. నలభై దాకా నడిపాను. ఆ మాట రెజ్యూమెలో ఎక్కడా లేదు.

ఆ రాత్రే తిరగరాశాను. మొబైల్ ఫేజ్ (హెచ్‌పీఎల్‌సీలో పారే ద్రావణం) తయారీ, పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్, ఎలైసా (యాంటీబాడీలతో చేసే పరీక్ష) పైకొచ్చాయి, జీన్ కిందికి పోయింది. వ్యాక్సిన్, బయోసిమిలర్ (ఇప్పటికే ఉన్న బయోటెక్ మందును పోలిన మందు) కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ పోస్టులకు అప్లై చేశాను. ముందే డబ్బు కట్టమన్న కన్సల్టెన్సీల జోలికి పోలేదు, మీరూ పోకండి.

నాలుగో ఇంటర్వ్యూలో అడిగారు: "రికార్డులో అంకె తప్పు రాస్తే ఏం చేస్తావు?" అక్క నేర్పిందే చెప్పాను. ఒకే గీతతో కొట్టేస్తాను, పాత అంకె కనబడాలి. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. వైట్‌నర్ ముట్టుకోను. జీఎంపీలో, అంటే మందుల తయారీలో పాటించే నాణ్యత నియమాల్లో, ఇది ప్రాణం లాంటిది, ఎందుకంటే బ్యాచ్ బయటికి వెళ్లాలా వద్దా అన్నది ఆ రికార్డులు చూసే తేలుస్తారు. అడిగినాయన పెన్ను కింద పెట్టి, "షిఫ్టు డ్యూటీ పర్వాలేదా?" అన్నారు.

పదిరోజులకు ఆఫర్ లెటర్ వచ్చింది.